సంతకం పెట్టేముందు నాకు చదివి వినిపించు

అమ్మడూ,

డాబాకి వాటర్‌ప్రూఫింగ్ చేసిన కాంట్రాక్టరు మీద నువ్వే కేసు వేస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 90 వేలు తీసుకుని, మొదటి వానకే పడగ్గది కారేలా చేసిన మనిషిని వదలకూడదు. నా డబ్బు నాకు రావాలని మన ఇంటి ఆడపిల్ల నిలబడిందంటే నాకెంత గర్వమో! కానీ నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని అతని ఇంటికి వెళ్తానన్నావట, అది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. వెళ్ళకు. అక్కడ ఒక్క మాట జారితే డబ్బు సంగతి వెనక్కిపోయి, స్టేషన్‌లో నువ్వే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

కారుతున్న చోటల్లా ఫొటోలు, వీడియోలు తియ్యి. ఫోన్‌పే చేసిన లెక్కలు, వాట్సాప్ మాటలు చెరపకు. వానాకాలం కాబట్టి వేరే మేస్త్రి చేత బాగు చేయించక తప్పదు, సరే. కానీ ఆ మేస్త్రి చెయ్యి పెట్టకముందే లోపం ఎక్కడుందో, బాగుచెయ్యడానికి ఎంతవుతుందో ఒక ఇంజనీరు చేత కాగితం మీద రాయించుకో. తర్వాత 15 రోజులు గడువిచ్చి స్పీడ్‌పోస్టులో నోటీసు పంపు, రసీదు దాచు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. నోటీసు అందగానే అతను మెత్తబడి ఇంటికొస్తాడు. అప్పుడు జాగ్రత్త.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. పర్లాకిమిడిలో మన ఇంటి వెనక వసారా రేకులు ఎగిరిపోయాయి, శ్లాబు పగుళ్ళిచ్చింది. ఆ రోజుల్లో మేస్త్రి దొరకడమే గగనం. దొరికినవాడికి అడిగినంతా ముందే ఇచ్చి మీ నాన్న పని చేయించాడు. వేసవి వానలకే పెచ్చులూడి మంచం మీద పడ్డాయి. వీధిలో కేకలేసుకున్నారు, మాటలు మానేశారు. చివరికి ఒక సాయంత్రం ఆ మేస్త్రి తనే వచ్చాడు. ‘అన్నయ్యా, తప్పయింది, ప్రస్తుతానికి ఈ 5 వేలు ఉంచండి, వానలు తగ్గాక మళ్ళీ చేసిపెడతాను’ అని ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కాఫీ తాగాడు. వెళ్ళబోతూ జేబులోంచి కాగితం తీసి, స్కూటర్ సీటు మీద పరిచి, డబ్బు ముట్టినట్టు చిన్న సంతకం పెట్టమన్నాడు. కాగితం నిండా ఒడియా చేతిరాత. మీ నాన్న చదువు పాతపట్నం తెలుగు బడిలో సాగింది కదా, ఒడియా గడగడా మాట్లాడతాడు గానీ చేతిరాత కూడబలుక్కోవాలి. వచ్చినవాడి ముందు అలా కూడబలుక్కోవడానికి మొహమాటపడ్డాడు. సంతకం పెట్టేశాడు.

వానలు తగ్గాయి, మేస్త్రి రాలేదు. వకీలు దగ్గరికి వెళ్తే ఆయన ఆ కాగితం జిరాక్సు చదివి వినిపించాడు. పని తృప్తిగా పూర్తయిందట, 5 వేలతో లెక్క తేలిపోయిందట, ఇకమీద ఏమీ అడగనని మీ నాన్నే ఒప్పుకున్నాడట. మోసం చేసి రాయించుకున్నాడని వాదించవచ్చు గానీ రుజువు చెయ్యడం కష్టం అన్నాడు వకీలు. దారిపొడుగునా మీ నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. పోయిన డబ్బు కన్నా, తనకి చదవడం రాదని వాడు కనిపెట్టేశాడన్న బాధే మీ నాన్నని ఎక్కువ తినేసింది. ఈ సంగతి నేను నీకు రాశానని చెప్పకు.

నీకు ఒడియా చదవడం వచ్చు, తెలివైనదానివి, అయినా చెబుతున్నాను. అతను కొంత ఇస్తానంటే కాదనకు. ముందు నీ ఖాతాలో పడనీ. రసీదు నువ్వే రాయి, ముట్టిన మొత్తం, తేదీ, మిగతాది ఇంకా రావాలన్న మాట అందులో ఉండాలి. అతను తెచ్చిన కాగితం మీద మాత్రం ఆ పూట సంతకం చెయ్యకు. ‘మా అత్తకి చూపించి రేపు ఇస్తాను’ అను. నా పేరు చెప్పి తప్పించుకుంటే నాకేమీ చిన్నతనం కాదు.

ఎంతకీ లొంగకపోతే బరంపురంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం నువ్వుండే ఊళ్ళోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. నువ్విచ్చిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, వకీలు లేకపోయినా నువ్వే మాట్లాడుకోవచ్చు. డబ్బు వాపసుతో పాటు పాడైన పరుపు, గోడల ఖర్చు కూడా అడుగు. ఏదైనా అర్థం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి, తెలుగులోనూ ఒడియాలోనూ చెబుతారు. వాళ్ళు ఆర్డరు వెయ్యరు, దారి చూపిస్తారు, అంతే. లోపం బయటపడ్డాక రెండేళ్ళలోపు ఫిర్యాదు పడాలి. దసరా అయ్యాక, సంక్రాంతి అయ్యాక అని అతను నెట్టుకొస్తుంటే ఆ గడువేమీ ఆగదు, గుర్తుంచుకో.

ఒంటరిగా తిరగలేక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ అంది. ఎందుకే, మేమంతా లేమూ? ఫిర్యాదు ఇచ్చే రోజు చెప్పు, పొద్దున్న బస్సుకే వచ్చేస్తాను. మీ నాన్నని కూడా రమ్మను. పనుందని తప్పించుకోవాలని చూస్తాడు. కాగితాల ఫైలు మోయడానికైనా రావాలని పట్టుబట్టు.

మీ అత్త