అప్పుల సర్వేకి మా ఊళ్ళకొస్తున్న మేనకోడలికి

బుజ్జీ,

నువ్వు పంపిన ప్రశ్నల కాగితం చూశాను. మొదటి ప్రశ్నే "మీకు మొత్తం అప్పు ఎంత ఉంది?" అని పెట్టావు. ముందు అది తీసెయ్. మన అమలాపురం చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా, అయితే "అబ్బే, అప్పులేం లేవండీ" అంటారు, లేదా మాఫీ ఏదో వస్తుందనుకుని ఉన్నదానికి ఇంకాస్త కలిపి చెబుతారు. బ్యాంకులో అప్పులిచ్చి, వసూలు చేసి రిటైరైనదాన్ని, ఆ రెండు జవాబులూ నాకు బాగా తెలుసు.

నువ్వు పట్టుకున్న పరిశోధన నేనూ చదివాను. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, ఇంకో ఇద్దరు కలిసి హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, లాటరీ తీసినట్టు అందులో 52 బస్తీల్లో ముందుగా స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ (ఆడవాళ్ళ గ్రూపులకి చిన్న అప్పులిచ్చేది) బ్రాంచీలు తెరిపించి, మిగతావాటితో పోల్చి చూశారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు ఇంకాస్త పెట్టుబడి పెట్టారు, ఇంట్లో వస్తువులు కొన్నారు, టీ, పొగాకు లాంటి చిల్లర ఖర్చులు తగ్గాయి, అంతే. మొత్తం మీద ఇంటి ఖర్చు పెరగలేదు, పిల్లల చదువులోగానీ ఆడవాళ్ళ మాట చెల్లడంలోగానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2015లో అది అచ్చయినప్పుడే మొరాకో, మెక్సికో, మంగోలియా, ఇథియోపియా, బోస్నియాల్లో చేసినవీ వచ్చాయి, అన్నీ దాదాపు ఇదే మాట చెప్పాయి. 2006లో బంగ్లాదేశ్‌లో పేదలకి ఇలాంటి చిన్న అప్పులిచ్చిన యూనస్‌కీ ఆయన గ్రామీణ్ బ్యాంక్‌కీ నోబెల్ వచ్చినప్పుడు పేదరికం ఇక పోయినట్టే అని ఊదరగొట్టారు చూడు, ఆ గోల ఇక్కడితో కొంచెం చల్లబడింది. నా మటుకు నాకు ఆ ఫలితం నిజమే అనిపిస్తుంది. కానీ అది సగటు. నువ్వు వెళ్ళేది ఒక్కో ఇంటికి.

అందుకని అప్పు ఎంత అని కాకుండా, ఏ నెలలో డబ్బు వచ్చింది, ఏ నెలలో పోయింది అని అడుగు. వానాకాలం సార్వా కోతలు అయ్యాక ఏం మిగిలింది, రెండో పంట దాళ్వాకి విత్తనాలకీ ఎరువుకీ ఎవరిచ్చారు, జూన్‌లో స్కూలు ఫీజు ఎలా కట్టారు, కాలవలు కట్టేసిన ఎండాకాలంలో పనుల్లేనప్పుడు కిరాణా కొట్టులో ఖాతా ఎంత పెరిగింది, ఇలా. అప్పుడు మాటల్లో మాటగా డ్వాక్రా అప్పు, వారం వాయిదాల సంస్థ, చీటీ పాట, తాకట్టులో ఉన్న గాజులు, ధాన్యం కమీషన్ ఏజెంటు ఇచ్చిన అడ్వాన్సు, పక్కింటి చేబదులు అన్నీ బయటికొస్తాయి. జోనథన్ మోర్డక్ బృందం బంగ్లాదేశ్, ఇండియా, దక్షిణాఫ్రికాల్లో పేద ఇళ్ళ లెక్కలు రాయడానికి ఏడాది పాటు పదిహేను రోజులకోసారి వెళ్ళింది ఇందుకే. ఒక్కసారి వెళ్ళి ఫారం నింపుకొస్తే కనబడేది కాదు అది. నీకు అంత టైమ్ లేకపోతే ఇళ్ళ సంఖ్య తగ్గించుకో, మీ గైడు ఒప్పుకోకపోతే నాతో మాట్లాడించు.

వాయిదా ఎప్పుడు మొదలైందో తప్పకుండా రాసుకో. కోల్‌కతాలో ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే వాళ్ళు కొందరికి అప్పిచ్చిన రెండు వారాలకే కట్టడం మొదలుపెట్టించి, కొందరికి రెండు నెలలు ఆగమన్నారు. ఆగినవాళ్ళు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, లాభాలూ పెరిగాయి, కాకపోతే ఎగ్గొట్టినవాళ్ళూ ఎక్కువయ్యారు. గేదె పాలు అమ్మే మనిషికి వారం వాయిదా ఫరవాలేదు. కౌలుకి వరి వేసినవాడు నాలుగు నెలలు ఏం తెచ్చి కడతాడు? ఇంకో అప్పు తెచ్చి కడతాడు. పైగా వాడి చేతిలో పట్టాదారు పాసు పుస్తకం ఉండదు, పంట రుణం చాలాసార్లు భూమి ఉన్నాయన పేరు మీదే పోతుంది. మన రాష్ట్రం 2019లో తెచ్చిన సాగుదారుల చట్టం కింద కౌలు కార్డు ఇమ్మంటే యజమాని సంతకం కావాలి, ఆయన పెడితే కదా. కౌలుదారుల్ని వేరే పేజీలో రాసుకో, సొంత భూమి ఉన్న రైతులతో కలపకు.

వడ్డీ శాతం అడగొద్దు, చేతికెంత వచ్చింది, వారానికెంత, ఎన్ని వారాలు అని అడిగి నువ్వే లెక్క కట్టుకో. అసలు తీరుతూ పోతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ వేస్తే, 12 అని చెప్పింది నిజానికి 24 దాకా పోతుంది. అప్పు తీసుకున్నవాళ్ళు అబద్ధం చెప్పరు, సంస్థ వాళ్ళకి చెప్పిందే నీకు చెబుతారు.

ఆడవాళ్ళ పేరున ఉన్న అప్పు ఆడవాళ్ళు వాడుకున్నారనుకోకు. నరసాపురం వైపు లేసు అల్లే ఆవిడ సంతకం పెడుతుంది, డబ్బు మొగుడి గల్ఫ్ వీసాకో కూతురి పెళ్ళికో పోతుంది, వాయిదా మాత్రం ఆవిడ మెడకే. భర్త ముందూ గ్రూపు లీడరు ముందూ ఈ ప్రశ్న వేస్తే ఏం లాభం లేదు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళు, లేసు అల్లుతూ అరుగు మీద కూర్చుని ఉంటారు, నువ్వూ కూర్చో. పెన్ను తరవాత తీద్దువుగాని.

అప్పు తీసుకోనివాళ్ళనీ వదలకు. 2010 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ సంస్థల్ని కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చాక వసూళ్ళు ఆగిపోయి, ఇక్కడ దెబ్బతిన్న సంస్థలు వేరే రాష్ట్రాల్లో కూడా అప్పులివ్వడం తగ్గించేశాయి. ఆ రాష్ట్రాల పల్లెల్లో ఏమైందో ఎమిలీ బ్రెజా, సింథియా కినాన్ చూశారు, రోజు కూలి తగ్గింది. అంటే అప్పు జోలికే పోని కూలీ మీద కూడా పడిందన్నమాట. హైదరాబాద్ లెక్క కన్నా నాకు ఇది ఎక్కువ ఆలోచించాల్సిన విషయంగా అనిపిస్తుంది. ఊడ్పులకీ కోతలకీ కూలి రేటు ప్రతి ఊళ్ళో అడిగి రాసుకో, అప్పుకీ దీనికీ ఏం సంబంధం అని మీవాళ్ళు అడుగుతారు, అడగనీ.

నిన్ను చూడగానే "లోను వస్తదా అమ్మా?" అంటారు. రాదని మొదటి నిమిషంలోనే చెప్పెయ్, చూద్దాం అన్నావంటే ఆ ఊళ్ళో నీకు దొరికే జవాబులన్నీ లోను కోసం చెప్పినవే అవుతాయి. ఇంకోటి, ఆ ఊళ్ళో వారం వాయిదా కట్టే రోజు ఏదో ముందే కనుక్కుని ఆ రోజూ దాని ముందు రోజూ వెళ్ళకు. డబ్బు సర్దుకునే టెన్షన్‌లో ఉంటారు, ఫైలు పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ళూ వసూలుకొచ్చినవాళ్ళలాగే కనబడతారు.

మీ అత్త