పాఠకుల ప్రశ్నలు: జపాన్‌లో మనవాళ్లు, కదిలే నేల

చదువుకో కొలువుకో జపాన్ వెళ్లిన పిల్లల గురించి గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు.

ప్రశ్న: 2024 డిసెంబర్ 4న పొద్దుగాల ములుగు దిక్కు 5.3 భూకంపం వస్తే మా ఇంటి పెంకులు గలగలమన్నయి. మా పిలగాడు సెందాయ్‌ల ఉంటడు. "నిన్న నాలుగొచ్చింది, ఏం కాలే బాపు" అంటడు. అయిదుకే మాకు గుండె జారితే నాలుగు చిన్నదెట్లయితది?
– ఒక తండ్రి, సిరొంచ

జవాబు: మీ అయిదు వేరు, మీ అబ్బాయి నాలుగు వేరు. 5.3 అన్నది మాగ్నిట్యూడ్. భూమి లోపల విడుదలైన శక్తికి కొలత, ఒక భూకంపానికి ఒకటే అంకె. జపాన్ టీవీలో ముందుగా చెప్పేది షిందో, అంటే ఆ ఊళ్లో నేల ఎంత ఊగిందన్నది. ఒకే భూకంపానికి సెందాయ్‌లో 4, టోక్యోలో 2 ఉండొచ్చు. షిందో సున్నా నుంచి 7 దాకా పోతుంది. 5నీ 6నీ 'తక్కువ', 'ఎక్కువ' అని చీల్చారు కనుక మొత్తం పది మెట్లు. 4లో వేలాడే దీపాలు బాగా ఊగుతాయి, నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ వస్తుంది. 5 ఎక్కువలో పట్టు లేకుండా నడవలేం. 6 తక్కువలో నిలబడడమే కష్టం, గోడకు బిగించని బీరువాలు జరుగుతాయి, పడతాయి కూడా. ఈసారి అంకె చెప్పినప్పుడు "షిందోనా?" అని అడగండి.

ప్రశ్న: అమ్మాయి చిబాలో అద్దె గదిలో దిగబోతోంది. నేల కదిలిన వెంటనే బయటికి ఉరకమని చెప్పాను. ఇంకేం చెప్పాలి?
– ఒక తల్లి, బల్లార్పూర్

జవాబు: ముందు ఆ మాట వెనక్కి తీసుకోండమ్మా. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చి, మట్టితో రాళ్లు పేర్చి కట్టిన గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలి వేలమంది పోయారు. అలాంటి ఇంట్లో బయటికి ఉరకడం సరే. చిబాలో ఉరికితే పైఅంతస్తుల అద్దాలు పడేది తల మీదే. బల్ల కింద దూరి, తల కాచుకుని, బల్ల కాలు పట్టుకుని ఊగుడు ఆగేదాకా ఉండాలి.

గది చూసేటప్పుడే భవనం ఎప్పటిదో అడగమనండి. 1981 జూన్‌లో అక్కడ భూకంప నిబంధనలు బిగించారు. ఆ తర్వాత అనుమతి పొందినదే తీసుకోవాలి. చెక్క ఇల్లయితే 2000 తర్వాతది మేలు. మంచం పక్కన ఎత్తయిన అల్మరా వద్దు. మంచం దగ్గర గట్టి అడుగున్న బూట్లు ఉండాలి, చీకట్లో పగిలిన గాజు మీద నడవాల్సి రావచ్చు.

కొత్తవాళ్లు బెదిరేది గ్యాస్ దగ్గర. షిందో 5 స్థాయి ఊపు తగిలితే మీటరు తనంతట తానే గ్యాస్ ఆపేస్తుంది. పొయ్యి వెలగదు, వేడినీళ్లు రావు, మీటరు మీద ఎర్రదీపం మిణుకుతుంది. చెడిపోయిందని కంగారుపడొద్దు. ముందు వాసన చూడాలి. వాసన ఉంటే ఏ స్విచ్చూ వేయకుండా, తీయకుండా, కిటికీలు తెరిచి బయటికి వచ్చి కంపెనీకి ఫోన్ చేయాలి. లేకపోతే పొయ్యి, గీజరు అన్నీ కట్టేసి, మీటరు బొత్తాం మీది మూత తీసి, బొత్తాం లోపలికంటా నొక్కి వదలాలి. తర్వాత మూడు నిమిషాలు ఏదీ వెలిగించకూడదు. మీటరు లీకు కోసం వెతికేది అప్పుడే. ఆలోపు పొయ్యి తిప్పితే గ్యాస్ కారుతోందనుకుని మళ్లీ ఆపేస్తుంది.

ఇల్లు వదిలి పోవాల్సివస్తే మెయిన్ బ్రేకర్ దించాలి. 1995 కోబే భూకంపంలో కరెంటు తిరిగొచ్చాక లేచిన మంటలు ఎన్నో. నీళ్లు మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున కనీసం మూడు రోజులకు దాచాలి.

ప్రశ్న: మా మరిది ఇబారాకిలో ఉంటాడు. ఫుకుషిమా లాంటిది మళ్లీ జరుగుతుందేమోనని భయం. అయోడిన్ మాత్రలు పంపాలా? అయోడిన్ ఉప్పు ఎక్కువ తింటే చాలదా?
– ఒక గృహిణి, ధర్మాబాద్

జవాబు: 2011 మార్చి 11న భూకంపం రాగానే ఫుకుషిమా దాయిచి అణు కేంద్రంలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ ఆగిపోయాయి. ఆగినా ఇంధనం వేడి కక్కుతూనే ఉంటుంది. సునామీ నీళ్లు డీజిల్ జనరేటర్లను, స్విచ్ బోర్డులను ముంచాయి. చల్లబరిచే దారి లేక ఇంధనం కరిగి, రేడియోధార్మికత గాలిలోకి వచ్చింది. కనుక మీ మరిది మొదట తెలుసుకోవాల్సింది తన గది నుంచి అణు కేంద్రం ఎంత దూరమన్నది. 5 కిలోమీటర్ల లోపల ఉంటే ముందుగా ఖాళీ చేయిస్తారు. 5 నుంచి 30 దాకా మొదట ఇంట్లోనే ఉండమంటారు: కిటికీలు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కట్టేయాలి. అందరికంటే ముందే రోడ్డెక్కితే ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆరుబయట ఉండిపోయే ప్రమాదం ఉంది.

మాత్రలు ఇక్కడినుంచి పంపొద్దు. 5 కిలోమీటర్ల లోపలివాళ్లకు అక్కడి పాలకులే ముందుగా పంచుతారు. అవి 50 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్, పెద్దలకు రెండు. థైరాయిడ్‌ను రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే కాపాడతాయి, సీసియం లాంటి వేరే రేడియోధార్మిక పదార్థాలకు పనికిరావు. ఆ రేడియోధార్మిక గాలి తగలకముందు ఒక రోజు లోపల, లేదా తగిలిన వెంటనే వేసుకుంటేనే ఫలితం, అందుకే ఆదేశం వచ్చాకే వేసుకోవాలి.

ఉప్పు లెక్క చూడండి. రెండు మాత్రల్లో సుమారు 76 మిల్లీగ్రాముల అయోడిన్. మన ఉప్పులో కిలోకు 15 నుంచి 30 మిల్లీగ్రాములు. అంటే రెండున్నర నుంచి అయిదు కిలోల ఉప్పు తినాలి! గాయాలకు పూసే అయోడిన్ మందు తాగడం విషమే.

ప్రశ్న: భూకంపం రాగానే ఫోన్ కలవదు. క్షేమం ఎలా తెలుస్తుంది?
– ఒక అన్న, డేగ్లూర్

జవాబు: అందరూ ఒకేసారి చేస్తే లైన్లు కిక్కిరిసిపోతాయి. పెద్ద విపత్తుల్లో అక్కడ 171 నంబరు తెరుస్తారు. 1 నొక్కి మాట రికార్డు చేయాలి, 2 నొక్కి వినాలి. మన దేశం నుంచి 171 కలవదు. కానీ 'వెబ్ 171' అనే వెబ్‌సైట్ ఇక్కడ కూడా తెరుచుకుంటుంది. మీ వాళ్ల జపాన్ నంబరు కొడితే వాళ్లు పెట్టిన సందేశం కనిపిస్తుంది. ప్రతి నెలా 1న, 15న అందరూ వాడి చూసుకోవచ్చు. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, కాబట్టి వాళ్ల ఒకటో తేదీ మనకు ముందురోజు రాత్రి 8:30కే మొదలవుతుంది.