డెవలపర్ కలిపే ముందు ఒక మాట

చి. అమ్మలూకి, పెదమావయ్య ఆశీస్సులు.

బ్లాక్ అండ్ వైట్ రీలు నువ్వే కడుక్కుంటానని, రీలు మీద బొమ్మ తేల్చే మందు, అదే డెవలపర్, కూడా ఇంట్లోనే కలుపుతానని విని చాలా సంతోషించాను. మొదటిసారికి డి-76 కలుపు. కొడాక్ వాళ్లు 1927లో తెచ్చిన ఫార్ములా. స్టూడియో నడిపినన్నాళ్లూ నేను వాడింది అదే.

లీటరుకి మెటాల్ 2 గ్రాములు, అన్‌హైడ్రస్ (అంటే నీటి అంశం లేని) సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బోరాక్స్ అంటే మన వెలిగారమే. కొనేటప్పుడు డబ్బా మీద పేరు కూడబలుక్కుని చదువు. సల్ఫేటూ సల్ఫైడూ వేరు, మనకు కావలసింది సల్ఫైట్. రెండు గ్రాములు చెంచాతో తూగవు, బంగారం తూచేలాంటి చిన్న కాటా కొనుక్కో.

బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో. ముప్పావు లీటరు నీళ్లు 50 డిగ్రీల దాకా వేడిచేసి, ముందు చిటికెడు సల్ఫైట్ వెయ్యి, మెటాల్ గాలికి పాడవకుండా. తర్వాత మెటాల్. అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్, ఆపైన హైడ్రోక్వినోన్, చివర్న వెలిగారం. ఆఖర్న చల్లటి నీళ్లు పోసి లీటరు చెయ్యి. సల్ఫైట్ మొత్తం ముందే పోశావంటే మెటాల్ ఇక కరగదు.

ఒకసారి పెళ్లిళ్ల రోజుల్లో నేను చేసిన తప్పు అదే. అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తున్నా, కరుగుతాయిలే అని రీలు ముంచేశాను. నెగటివ్ పల్చగా వచ్చింది. తలంబ్రాల ఫొటోలో బియ్యం, పెళ్లికూతురి చీర అన్నీ ఒకే బూడిద రంగు. ఆ తల్లిదండ్రులకు ఏం చెప్పను? ఆ ముహూర్తం మళ్లీ తేలేను కదా.

గ్లవ్స్ లేకుండా మాత్రం ముట్టుకోకు. ఏళ్ల తరబడి ఉత్త చేతులు ముంచి, నా వేళ్ల సందుల్లో దురద, పగుళ్లు, చివరికి అన్నం కలుపుకోవడమే కష్టమైంది. మెటాల్ కొందరికి అస్సలు పడదు. పొడులు తూచేటప్పుడు మాస్క్ పెట్టుకో, ఫ్యాన్ ఆపు. వంటగిన్నెలు వాడకు. కలిపినది కూల్‌డ్రింక్ సీసాలో అసలే పొయ్యకు, పిల్లలున్న ఇల్లు. ముదురు రంగు గాజుసీసాలు చిన్నవి తీసుకుని మూతి దాకా నింపు, పేరూ తేదీ అంటించు. అలా నిండుగా ఉంటే ఆరు నెలలు ఆగుతుంది.

కలిపిన రోజే తొందరపడకు, రాత్రంతా ఉంచు. ఎండాకాలం మన కుళాయి నీళ్లు 30 దాటతాయి కాబట్టి సీసాని ఐసు నీళ్లలో పెట్టి 20 డిగ్రీలకు తీసుకురా. నీ హెచ్‌పీ5 ప్లస్ రీలుకి డెవలపర్ సగం, నీళ్లు సగం, 11 నిమిషాలు. వాడినది పారబొయ్యి, సీసాలో తిరిగి పొయ్యకు.

అన్నిటికంటే ముందు రీలు కొసన కత్తిరించిన ముక్కని వెలుతుర్లోనే అందులో ముంచు. నల్లగా మారితే మందు పనిచేస్తున్నట్టే. మారకపోతే రీలు బయటికి తియ్యకు, నాకు ఫోన్ చెయ్యి. నెగటివ్ ఆరాక ఫోన్‌లో ఫొటో పంపొద్దు, పట్టుకురా. కిటికీ దగ్గర ఇద్దరం చూద్దాం.