లాటరీ టికెట్ ఎక్కడ కొనాలంటే...

చిరంజీవి శీనుకి బాబాయి ఆశీస్సులు.

మాల వేసుకున్నావు కాబట్టి నిన్ను స్వామీ అనాలి. కానీ రాత్రి ఫోన్లో నువ్వడిగింది విన్నాక నోరు రావడం లేదు. ఇరుముడిలో ఏం పెట్టుకోవాలని అడుగుతావనుకుంటే, "బాబాయ్, కేరళలో ఏ షాపులో కొంటే లాటరీ తగులుతుంది?" అన్నావు. సరేలే, పద్నాలుగు సార్లు కొండెక్కి పద్నాలుగు సార్లూ టికెట్ కొన్నవాణ్ని. అడగాల్సినవాణ్నే అడిగావు.

ఈ పురుగు నిన్నెక్కడ కుట్టిందో నాకు తెలుసు. 2024 జనవరిలో కేరళ ప్రభుత్వ లాటరీ క్రిస్మస్ బంపర్, అంటే పండక్కి తీసే పెద్ద డ్రా, 20 కోట్లు తగిలింది పుదుచ్చేరి నుంచి శబరిమల యాత్రకి వచ్చినాయనకే. టికెట్ కొన్నది తిరువనంతపురంలో, పద్మనాభస్వామి గుడి దగ్గర. అది విని మరుసటి ఏడు నేనూ పనిగట్టుకుని అక్కడికే వెళ్లాను. ఆయన నక్క తోక తొక్కాడు, నేను అరటి తొక్క తొక్కాను. నడుం ఇప్పటికీ పట్టేస్తుంది.

అదే ఏడాది ఓణం బంపర్ 25 కోట్లు వయనాడ్‌లో సుల్తాన్ బత్తేరిలో కొన్న కర్ణాటక మెకానిక్‌కి వెళ్లింది. అంతకుముందు ఏడు పాలక్కాడ్ వైపు, వాళయార్‌లో అమ్మిన టికెట్‌కి. ఇందులో ఏ మూల ఈశాన్యమో నువ్వే చెప్పు. "ఇక్కడే కోటి తగిలింది" అని బోర్డు పెట్టి, దండేసిన షాపు ముందు క్యూ కనిపిస్తుంది. పెద్ద షాపు ఎక్కువ టికెట్లు అమ్ముతుంది, కాబట్టి ఎక్కువ తగులుతాయి. పెళ్లిళ్లు ఎక్కువ జరిగే ఫంక్షన్ హాల్లో చెప్పులు కూడా ఎక్కువే పోతాయి, అలాగన్నమాట. 2024 ఓణానికి అమ్ముడైన టికెట్లు 70 లక్షల పైమాటే. నువ్వు ఏ షాపులో కొన్నా అందులో ఒకటే.

అందుకని క్యూలో నిలబడకు. టీ బాగుండే కొట్టు చూసుకో, దాని పక్కన టికెట్లవాడు ఉండనే ఉంటాడు. అట్టకి క్లిప్పులతో టికెట్లు తగిలించుకుని, "నాళె, నాళె" అని అరుస్తుంటాడు. డ్రా రేపే అని. మన ఊళ్లో దయ్యాన్ని "ఓ స్త్రీ రేపు రా" అని తలుపు మీద రాసి పంపేసేవాళ్లం. అక్కడ లక్ష్మీదేవిని రేపు రమ్మని పిలుస్తారు!

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. వాట్సాప్‌లో కేరళ టికెట్ అమ్ముతానన్నవాడికి రూపాయి పంపకు. ఆ టికెట్ కాగితమే, ఆన్‌లైన్‌లో ఉండదు. కొన్న వెంటనే వెనక సంతకం, అడ్రసు రాసెయ్. తగిలితే డ్రా అయిన 30 రోజుల్లో టికెట్ అప్పగించాలి. 5,000 లోపు అయితే కేరళలో ఏ లాటరీ షాపులోనైనా ఇస్తారు. ఈ "కేరళలో" దగ్గరే నేను దెబ్బతిన్నాను. ఒకసారి ఇంటికొచ్చాక చూసుకుంటే వంద రూపాయలు తగిలింది. మీ పిన్ని రైలు చార్జీ లెక్కేసి నవ్విన నవ్వు ఇంకా చెవిలో ఉంది. ఆ టికెట్ పంచాంగంలో దాచుకున్నాను.

25 కోట్లు వస్తే ఏం చేయాలా అని ఇప్పుడే టెన్షన్ పడకు. 2022లో ఆ 25 కోట్ల ఓణం బంపర్ తగిలినవాడికి, టికెట్ అమ్మిన ఏజెంటు కమీషన్ పది శాతం, ఆపైన 30 శాతం పన్ను పోగా ముందు చేతికొచ్చింది పదిహేనున్నర కోట్లు, మరో పాతిక లక్షలు. ఆయనో ఆటో డ్రైవర్, పిల్లాడి హుండీ పగలగొట్టి మరీ టికెట్ డబ్బులు సరిచేశాడు. వారం తిరక్కుండానే అప్పులడిగేవాళ్లు ఇల్లు చుట్టుముడితే, అసలు రాకపోయినా బాగుండేదని మొత్తుకున్నాడు. మన చుట్టాలు నీకు తెలుసుగా.

అన్నట్టు, నాకూ ఒకటి తీసుకో. 50 రూపాయలదే చాలు, ఫోన్‌పే చేశాను. ఎక్కడ కొన్నా ఒకటే గానీ, చివర ఎనిమిది మాత్రం వద్దు. నాకు అచ్చిరాదు. పిన్నికి చెప్పకు.

ఇట్లు,
మీ బాబాయి