బరువు కాదు, ఊగు చూడు: ఇంట్లో బండి లిఫ్టు పెట్టుకోబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఇంటి షెడ్డులో బండి లిఫ్టు, అంటే మోటారుసైకిల్ని ఎక్కించి పైకి లేపే బల్ల, పెట్టుకుంటానని, ఏది కొనాలో చెప్పమని అడిగావు. ముందు ఒక సంగతి తేల్చుకో. నువ్వు చేసేది ఇంజనాయిల్ మార్చడం, చైను కడిగి లూబ్ కొట్టడం వరకే అయితే లిఫ్టు దండగ. వెనక చక్రాన్ని నేల మీంచి ఎత్తి పట్టే పాడక్ స్టాండు ఒకటి, కూర్చోవడానికి ఒక పీట చాలు. చక్రాలు విప్పడం, బ్రేకులు, క్లచ్ ప్లేట్లు, ట్యాపెట్లు, స్వింగార్మ్ బుష్షులు కూడా ఇంట్లోనే చూసుకుంటానంటేనే మిగతా ఉత్తరం చదువు.

మన విజయవాడ ఆటోనగర్‌లో ఏ షాపుకి వెళ్ళినా మొదట చెప్పే మాట ఎంత బరువు లేపుతుందన్నది. 450 కిలోలు, 500 కిలోలు అని స్టిక్కరు చూపిస్తారు. మీ ఇంట్లో అన్నిటికంటే బరువైన బండి క్లాసిక్ 350, పెట్రోలుతో కలిపి 195 కిలోలు. మీ నాన్న స్ప్లెండర్ 112 దగ్గర, కోడలి యాక్టివా 106 దగ్గర ఉంటాయి. 300 కిలోల లిఫ్టైనా వీటిని లేపేస్తుంది. ప్రమాదం వేరే చోట ఉంది. బిగుసుకున్న యాక్సిల్ నట్టు మీద పొడుగు పానా వేసి నువ్వు ఒంటి బరువంతా పెట్టి లాగినప్పుడు బల్ల పక్కకి ఊగుతుంది, దాంతో బండి ఒరుగుతుంది. కాబట్టి స్టిక్కరు సంగతి పక్కన పెట్టి ఊగు చూడు.

చూసే పద్ధతి ఇది. ఖాళీ లిఫ్టుని పూర్తి ఎత్తుకి లేపించు. లాక్ వేయించు. బల్ల పొడవు మధ్యలో నిలబడి అంచు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా తోసి లాగు. అంచు పక్కన ఒక స్కేలు పట్టుకోమని షాపు కుర్రాడికి చెప్పు. అటూ ఇటూ కలిపి 10 మిల్లీమీటర్లు దాటి కదిలితే దాన్ని వదిలేయ్, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

ఊగు ఎక్కణ్ణించి వస్తుందంటే, బల్లని కింది నించి మోసే కత్తెర చేతులు తిరిగే పిన్నుల దగ్గర నించి. పిన్ను దూరే బుష్షు పొడవు 30 మిల్లీమీటర్లు, పిన్నుకీ బుష్షుకీ మధ్య సందు అర మిల్లీమీటరు అనుకో. 900 మిల్లీమీటర్ల చెయ్యి చివర అది 15 మిల్లీమీటర్లవుతుంది. అందుకే పొడుగు బుష్షు, లావు పిన్ను, ఎడమ కుడి చేతుల్ని కలుపుతూ అడ్డంగా వెల్డు చేసిన గొట్టం, ఈ మూడూ ఉండాలి. పిన్ను 25 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉంటే మంచిది. ప్రతి పిన్నుకీ గ్రీజు ఎక్కించే నిపుల్ ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడు. కొందరు పిన్నుకి బదులు బజారు బోల్టు దూర్చేస్తారు. బోల్టు మర ఉన్న భాగం రంధ్రంలో కూర్చుంటే, లేపినప్పుడల్లా ఆ మర ఆకురాయిలా రంధ్రాన్ని కొరుకుతుంది. కొన్నాళ్ళకి గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. రంగు వేసి ఉంటే ఇది పైకి కనపడదు. నట్టు విప్పించి చూడాల్సిందే.

తర్వాత దించిన ఎత్తు. బల్ల నేలకి ఎంత దగ్గరగా ఉంటే బండి ఎక్కించడం అంత సుఖం అనిపిస్తుంది. నిజమే కానీ దానికి కట్టే ఖరీదు వేరే ఉంది. కత్తెర లిఫ్టులో హైడ్రాలిక్ రాడ్డు కింద అడ్డంగా పడుకుని తోసే రకమైతే, చేతులు నేలకి ఎంత వాలిపోయి ఉంటే అంత ఎక్కువ బలం కావాలి. క్లాసిక్ 195, బల్ల ఇంకో 55, కలిపి 250 కిలోలు. చేతులు 45 డిగ్రీల్లో ఉన్నప్పుడు రాడ్డు 250 కిలోల బలంతో తోస్తే సరిపోతుంది. అదే చేతులు 10 డిగ్రీల్లో పడుకుని ఉంటే 1400 కిలోలు దాటి తొయ్యాలి. పెడల్ మొదటి నాలుగైదు తొక్కుళ్ళకి రాయిలా ఉండి, ఆ తర్వాత తేలికైపోయేది ఇందుకే. వెల్డు చిట్లినా, చెయ్యి వంగినా ఆ మొదటి రెండంగుళాల్లోనే. అందుకని బండి ఎక్కించి, కింది నించి లేపించి చూడకుండా డబ్బివ్వకు. ఖాళీ బల్ల లేపి చూపిస్తే అది పరీక్ష కాదు.

దించిన ఎత్తు 180 నించి 200 మిల్లీమీటర్లు సరైన మధ్యస్థం. దానికి ర్యాంపు పలక పొడవు సరిపోవాలి. 200 ఎత్తుకి 600 పలక పెడితే వాలు 19 డిగ్రీలు దాటుతుంది. ఒక్కడివే క్లాసిక్ తోసుకుంటూ ఎక్కించలేవు, పైగా పలక, బల్ల కలిసే మలుపులో సెంటర్ స్టాండు కాలు గీరుకుంటుంది. 900 పలక అయితే 13 డిగ్రీల లోపే. చాలా లిఫ్టులతో పొట్టి పలకే వస్తుంది. పొడుగుది వేరే చేయించుకో, పెద్ద పని కాదు.

బల్ల కొలతలు 2200 పొడవు, 650 వెడల్పు ఉంటే మీ మూడు బండ్లకీ చాలు. పైన జారకుండా ఉబ్బెత్తు గీతలుండే ఇనప రేకు, చెకర్ ప్లేటు, 3 మిల్లీమీటర్లది ఉండాలి. ఆ కొలతకి ఆ ప్లేటు ఒక్కటే 35 కిలోల పైన తూగుతుంది, కాబట్టి లిఫ్టు మొత్తం మరీ తేలిగ్గా ఉందంటే రేకు పలచన చేశారని అర్థం. సెంటర్ స్టాండు కాళ్ళు ఆనే చోట ప్లేటు కింద అడ్డపట్టీ వెల్డు చేసి ఉందో లేదో వంగి చూడు. లేకపోతే మూడు నెలల్లో రెండు గుంటలు పడతాయి.

ముందు చక్రాన్ని పట్టే వైసు పెద్ద బండ్లకి బాగానే ఉంటుంది. చాలామంది మర్చిపోయేది స్కూటరు. క్లాసిక్ ముందు చక్రం 19 అంగుళాలు, యాక్టివా 6జీది 12. 19కి సరిపోయే దవడలు 12 అంగుళాల చక్రాన్ని టైరు పైభాగంలో మాత్రమే పట్టుకుంటాయి, లేదా మడ్‌గార్డుని నొక్కుతాయి. దవడలు ముందుకీ వెనక్కీ జరిపి బిగించుకునే రకం తీసుకో. వెనక చక్రం కింద ఊడదీసే పలక ఉండి తీరాలి. అది లేకపోతే వెనక చక్రాన్ని కిందికి జార్చడానికి చోటుండదు, బండిని బల్ల మీద ఇంకా ఎత్తాల్సి వస్తుంది.

ఇక లాక్. దీని గురించి మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఇనప లాక్ లేని లిఫ్టు గుమ్మంలోకి రానివ్వకు. నూనె మీద నిలబడ్డ బల్ల కింద చెయ్యి పెట్టకూడదు. నూనె కారకుండా ఆపే సీలు ఒకటి పోతే చాలు, బల్ల దిగిపోతుంది. లాక్ రెండు పక్కలా ఉండాలి, కనీసం మూడు నాలుగు ఎత్తుల్లో పడాలి. వాడే పద్ధతి కూడా చాలామందికి తెలీదు. కావలసిన ఎత్తు దాటి కొంచెం పైకి లేపాలి, లాక్ వెయ్యాలి, నూనె వదిలే రిలీజ్ వాల్వు మెల్లగా తిప్పి బల్లని లాక్ మీద కూర్చోబెట్టాలి. అప్పుడు బరువు ఇనుము మీద ఉంటుంది. దించేటప్పుడు ముందు రెండు తొక్కులు తొక్కి బరువు లాక్ మీంచి లేపి, రెండు పక్కల లాకులూ తీశావని కళ్ళారా చూసుకుని, అప్పుడు వాల్వు. ఒక పక్కది మర్చిపోతే బల్ల మెలికపడి బండి ఆ రెండోపక్కకి వాలుతుంది. దించే ముందు ఒకసారి వంగి కిందకి చూడు, మీ వీధిలో పిల్లులు ఎక్కువ.

కాలితో తొక్కేదా, కరెంటుదా? ఇంటికి కాలితో తొక్కేదే. గాలితో లేచే దానికి కంప్రెసరు కొనాలి, అది ఆన్ చేస్తే పక్కింటివాళ్ళు ఊరుకోరు. కరెంటు దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా ఎమ్‌సీబీ కావాలి. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి పడిపోయినప్పుడు మోటారు హూ అని మూలుగుతుంది గానీ లేపదు. అన్నిటికంటే మీ ఇల్లు పాయకాపురం వైపు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్ళు మీ వీధుల్లో ఎంతెత్తు నిలిచాయో నీకు నేను చెప్పక్కర్లేదు. కరెంటుదే కావాలని పట్టుబడితే మోటారు, స్విచ్చులు గోడకి ఎత్తుగా పెట్టించు. తొక్కుడు దానికైనా వరదనీళ్ళు తగిలితే రాడ్డు, పిన్నులు కడిగి కొత్త గ్రీజు కొట్టి, నూనె మార్చాలి.

షెడ్డులో చోటు కొలిచేటప్పుడు బల్ల ఒక్కటే కొలవకు. బల్ల 2.2 మీటర్లు, ర్యాంపు 0.9, దాని వెనక బండి నిలబడి తిన్నగా రావడానికి కనీసం 2. మొత్తం 17 అడుగుల దాకా పడుతుంది. అటూ ఇటూ నువ్వు తిరగడానికి రెండున్నర అడుగులు వదులు. ఒకవైపే వాలి లేచే రకం లిఫ్టులుంటాయి. అవి లేస్తూ లేస్తూ నిలువునా వెళ్ళవు. 900 చేతులతో పడుకున్న స్థితి నించి పూర్తి ఎత్తుకి వచ్చేసరికి 370 మిల్లీమీటర్ల దాకా పొడవు వైపే ఒక పక్కకి జరుగుతాయి. అటుపక్క గోడ ఉంటే ముందు చక్రం వెళ్ళి గుద్దుకుంటుంది. అడ్డకత్తెర రకం తిన్నగా లేస్తుంది, చిన్న షెడ్డుకి అదే నయం.

నేల సంగతి మేస్త్రీతో మాట్లాడు. షెడ్డుల్లో వేసే పార్కింగ్ టైల్స్ కింద సాధారణంగా సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్ళలో కలిపిన కాంక్రీటు మూడు నాలుగంగుళాలే ఉంటుంది. అందులో లిఫ్టుని నేలకి పట్టించే ఎక్స్‌పాన్షన్ బోల్టు బిగిస్తే పట్టదు, బిగించేకొద్దీ చుట్టూ పిండి రాలుతుంది. మన వైపు నల్లమట్టి వేసవిలో నెర్రెలిచ్చి, వానకి ఉబ్బుతుంది కాబట్టి గచ్చు కింద బోలు ఏర్పడటం మామూలే. టైలు మీద సుత్తితో చిన్నగా కొట్టు, డొల్ల చప్పుడొస్తే అక్కడ పెట్టకు. లిఫ్టు పట్టేంత చోటు తవ్వించి, కింద బాగా కుదిపించి, 150 మిల్లీమీటర్ల మందంలో ఎమ్20 గ్రేడు కాంక్రీటు, 8 ఎమ్ఎమ్ ఊచలు 200 ఎమ్ఎమ్ దూరంలో నిలువూ అడ్డం వలలా వేయించు. ఏడు రోజులు నీళ్ళు పెట్టి, 28 రోజులయ్యాకే 12 ఎమ్ఎమ్ బోల్టులు దింపించు.

షెడ్డుకి నీళ్ళ వాటం ఉంటుంది కదా, మీటరుకి ఒక సెంటీమీటరు. లిఫ్టుని ఆ వాటం పొడవునా పెట్టు, అడ్డంగా పెట్టకు. అడ్డంగా పెడితే బండి లేచేకొద్దీ ఒక పక్కకే వాలి ఉంటుంది. మట్టం సరిచెయ్యడానికి ఇనప పలకలే వాడు. టైలు ముక్కలు, చెక్క ముక్కలు పెడితే నలిగిపోతాయి.

బండి కట్టడానికి 25 మిల్లీమీటర్ల రాచెట్ బెల్టులు నాలుగు. హ్యాండిల్ గ్రిప్పులకి కాకుండా ఫోర్కులు రెండిటినీ కలిపి పట్టే కింది టీకి వెయ్యి. ముందు సస్పెన్షన్ మూడో వంతు దిగేదాకా లాగితే చాలు, ఇంకా లాగితే ఫోర్కు సీళ్ళు కారతాయి. సెంటర్ స్టాండు వేసేటప్పుడు బండి వెనక్కి జరుగుతుంది కాబట్టి వైసు వదులు చేసి, స్టాండు వేశాక బిగించు. ఇది బల్ల దించి ఉన్నప్పుడే చెయ్యి. బల్ల మీద ఇంకో జాకీ పెట్టి వెనక భాగం ఎత్తావంటే బెల్టులు వదులవుతాయి. మళ్ళీ బిగించకుండా చక్రం విప్పకు.

నూనె విషయంలో ఒక్కటే, బ్రేక్ ఆయిల్ పొయ్యకు. సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. హైడ్రాలిక్ ఆయిలే, వాళ్ళు చెప్పిన గ్రేడుదే. పొయ్యడం రాడ్డు పూర్తిగా లోపలికి దిగి ఉన్నప్పుడే. పైకున్నప్పుడు నింపితే దించినప్పుడు పొంగి గచ్చంతా జిడ్డు. తొక్కితే మెత్తగా పోయి లేవకపోతే లోపల గాలి చేరిందన్నమాట. వాల్వు తెరిచి పదిహేను తొక్కులు వేగంగా తొక్కి, మూసి మళ్ళీ చూడు.

సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే తీసుకోవచ్చు, తప్పేం లేదు. రాడ్డు మీద గోరు నడుపు, తుప్పు గుంట తగిలితే ఆ గుంటే సీలుని కోస్తుంది. క్లాసిక్ ఎక్కించి సగం ఎత్తుకి లేపి, లాక్ లేకుండా, దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా, బల్ల పక్కన ఒక కర్ర నిలబెట్టి సుద్దముక్కతో గీత పెట్టు. పావుగంట తర్వాత చూడు. గీత నించి రెండు మూడు మిల్లీమీటర్లు దిగితే సీళ్ళు మార్పించే ఖర్చు ధరలోంచి తీయించు. వేలెడంత దిగితే వెనక్కి తిరిగి వచ్చెయ్.

ఆదివారం ఆటోనగర్‌లో చాలా షెడ్లు మూసి ఉంటాయి, మామూలు రోజున పొద్దున్నే వెళ్ళు. స్కేలు, సుద్దముక్క, టేపు జేబులో పెట్టుకుని క్లాసిక్ మీదే వెళ్ళు. స్ప్లెండర్ తీసుకెళ్తే బరువు పరీక్ష సగమే అవుతుంది.

ఇట్లు,
పెదనాన్న