సగంలో ఆగిన పెట్టెలను పారేయకండి

ప్రశ్న: మా నాన్నగారు చిత్తూరు గ్రీంస్‌పేటలో ఇంటి వెనక రేకుల షెడ్డులో బ్యాంజోలు చేసేవారు, మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్‌లు. భజన బృందాలవాళ్లు, పెళ్లి ఆర్కెస్ట్రావాళ్లు వచ్చి కొనుక్కెళ్లేవారు. పోయినేడు కాలం చేశారు. తమ్ముళ్లు ఇల్లు అమ్మేద్దామంటున్నారు. షెడ్డులో పూర్తయిన బ్యాంజోలు రెండున్నాయి. ఇంకా సగం చేసిన పెట్టెలు, గీతలు గీసిన బద్దలు, మేకుకు వేలాడే అట్టముక్కలు, డబ్బాల నిండా స్ప్రింగులు ఉన్నాయి. పూర్తయినవాటిలో ఒకదాని మీద పట్టీ ఎర్రచందనం అని నాన్న చెప్పేవారు. దాన్ని విదేశంలో ఉన్న ఒకాయన కొంటానంటున్నారు. ఏది ఉంచుకోవాలి, ఏది ఇచ్చేయాలి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. షెడ్డుకు తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. తిరుపతిలో వాద్యాలు రిపేరు చేసే నా దగ్గరికి ఇలాంటి ఇళ్ల నుంచి చాలామంది వస్తుంటారు. పూర్తయిన వాద్యాన్ని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి తెస్తారు. బద్దలు, అట్టలు ఏవంటే, పాత సామాన్లవాడికి వేసేశామంటారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మీ నాన్నగారి చెవి ఆ గీతలు గీసిన బద్ద మీదే ఉంది. మెట్లు ఎక్కడ పడాలో చూపే కొలబద్ద అది. వీణకు మెట్లు మైనం మీద కూర్చోబెడతారు. శ్రుతి చూసుకుంటూ అటూ ఇటూ జరుపుకోవచ్చు. బ్యాంజో మెట్లు చెక్కలోకి దిగిపోతాయి, తర్వాత కదలవు. అందుకే లెక్క ముందే తేలాలి. తీగ మోగే నిడివి 54 సెంటీమీటర్లు అనుకోండి. దాన్ని మెట్ల లెక్కకు వాడే 17.817 అనే అంకెతో భాగిస్తే 3.03 వస్తుంది. మొదటి మెట్టు అక్కడ. మిగిలిన 50.97ని మళ్లీ అదే అంకెతో భాగిస్తే 2.86, అది రెండో మెట్టుకు. ఇలా పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 27 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది.

స్కేలు పెట్టి ఆ బద్దను కొలిచి చూడండి. గీతలు ఈ లెక్కకు మిల్లీమీటరు అటో ఇటో ఉంటే తప్పు గీశారనుకోకండి. మీట నొక్కగానే తీగ బిగువు పెరిగి శ్రుతి కాస్త పైకెక్కుతుంది. ఎంత ఎక్కుతుందన్నది తీగ మందాన్ని బట్టి, మీట కింద ఉన్న ఖాళీని బట్టి మారుతుంది. అనుభవమున్న పనివాడు తన వాద్యానికి తగ్గట్టు దాన్ని సర్దుకుంటాడు. ఆ సర్దుబాటు ఏ పుస్తకంలోనూ దొరకదు. బద్ద పోతే అదీ పోయినట్టే.

తర్వాత సగం చేసిన పెట్టెలు. నా లెక్కలో పూర్తయినవాటికన్నా ఇవే విలువైనవి. పై పలక అతికించాక లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? పలక ఎంత పలచగా చిత్రిక పట్టారు, అడ్డబద్ద ఎక్కడ వేశారు, బిరడల వైపు ఎంత దళసరి వదిలారు, ఇవన్నీ మూత పడని పెట్టెలోనే కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ ఎండ వెలుతురులో పెట్టి, పక్కన స్కేలు ఉంచి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి. మేకుకు వేలాడే ఆ అట్టముక్కలు భాగాలు కోసుకునే అచ్చులు, వాటిని తెల్లకాగితం మీద పరిచి సన్న పెన్సిలుతో గీసుకోండి. ఏ అచ్చు దేనిదో తెలిస్తే దాని పక్కనే రాసేయండి.

ఇది నా చాదస్తం కాదు. అమెరికాలో బ్యాంజో అంటే తోలు బిగించిన గుండ్రటి వాద్యం, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో పుట్టింది. బాల్టిమోర్‌లో డ్రమ్ములు చేసే విలియం బౌచర్ అనే ఆయన 1840లలో వాటిని చేసి అమ్మాడు. మిగిలిన కొన్నింటిని కొలిచి ఇవాళ్టికీ అదే నమూనాలో చేస్తున్నారు. జార్జియా రాష్ట్రంలో రాబున్ గ్యాప్ అనే ఊళ్లో హైస్కూలు పిల్లలు ఫాక్స్‌ఫైర్ అనే పత్రిక నడిపారు. చుట్టుపక్కల కొండల్లో ఇంటి దగ్గరే బ్యాంజోలు చేసే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పిందంతా రాసుకుని, కొలతలతో సహా 1975లో పుస్తకంగా వేశారు. పెద్ద కంపెనీ అయితే కాగితాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. రేకుల షెడ్డులో పనిచేసినాయనకు ఇంట్లోవాళ్లు తప్ప ఎవరున్నారు?

మన బుల్‌బుల్ తరంగ్‌కు మూలం జపాన్‌లో ఉంది. నగోయా పట్టణంలో మొరితా గోరో అనే ఆయన 1912లో తైషోగోతో అనే మీటల వాద్యం చేశాడు. అదే మన దేశానికొచ్చి భజనల్లో స్థిరపడింది. మన శేషాచలం ఎర్రచందనమేమో అటు వెళ్లింది. షామిసెన్ అనే వాళ్ల వాద్యానికి మెడ ఆ కర్రతో చేస్తే మేలురకం అంటారు.

ఆ ఎర్రచందనం పట్టీ సంగతి మాత్రం జాగ్రత్త. ఆ చెట్టు 1995 నుంచి సైటెస్, అంటే అడవి జంతువులు, మొక్కల విదేశీ వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, రెండో అనుబంధంలో ఉంది. దాంతో చేసిన వస్తువును కాగితాలు లేకుండా దేశం దాటిస్తే పట్టుకుంటారు. మన దగ్గర ఆ కర్రను ఒకచోట నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లాలన్నా పర్మిట్ కావాలి. కొంటానన్నాయనకు ఇప్పుడే మాట ఇవ్వకండి. చిత్తూరులో అటవీ శాఖ ఆఫీసుకు ఫొటో తీసుకెళ్లి, ఇది నాన్నగారి వాద్యంలో భాగం అని చెప్పి, ఏం చేయాలో రాతపూర్వకంగా అడగండి. లేనిపోని టెన్షన్ ఎందుకు? అసలు అమ్మకపోతేనే మంచిదని నా అభిప్రాయం.

రెండోది ఎవరైనా వాయించేవాళ్లకు ఇవ్వండి. అద్దాల బీరువాలో పెడితే తీగలు తుప్పుపట్టి, స్ప్రింగులు బిగుసుకుపోతాయి. మీ దగ్గర ఉంచుకునేదానికి తీగలు కాస్త వదులు చేయండి. కొత్తగా మెరవాలని పాలిష్ మాత్రం కొట్టించకండి. మీటల మీద ఆయన చేత్తో రాసిన స్వరాలు ఉంటే ఆ దెబ్బతో చెరిగిపోతాయి.

షెడ్డులో ఖాతా పుస్తకం ఏదైనా దొరుకుతుందేమో వెతకండి. కొన్నవాళ్ల పేర్లుంటే ఫోన్ చేసి, ఇంకా వాయిస్తున్నారా అని అడగండి. వాయిస్తుంటే రికార్డు చేసి పంపమనండి. నాన్నగారి చేతికింద పనిచేసిన కుర్రాడు ఎవరైనా ఉండే ఉంటారు. ఇప్పుడు అల్యూమినియం కిటికీల పనిలో ఉన్నా సరే, పట్టుకోండి. రిజిస్ట్రేషన్‌కి ముందే ఒక ఆదివారం పిలిచి, భోజనం పెట్టి, ఆ సగం పెట్టెల్లో ఒకదాన్ని పూర్తి చేయమనండి. మీ తమ్ముళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించండి. మధ్యలో అతను ఆగి 'ఇక్కడ అన్న ఇలా చేసేవాడు' అంటే ఆ మాట వదలకండి.

తిరుపతి వచ్చినప్పుడు ఆ బద్ద తీసుకురండి. పనస చెక్క మీద దానికి నకలు గీసి ఇస్తాను, డబ్బేమీ వద్దు. నకలు వాడకానికి పెట్టుకోండి. అసలుది ఎవరు అడిగినా, నేను అడిగినా సరే, ఇవ్వకండి.