అమ్మమ్మ చీరకి కత్తెర పెట్టకముందే

పర్లాకిమిడి,
ఆదివారం.

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. బరంపురం ఇంట్లో ముందుగది ఆఫీసు చేసుకున్నావట, గోడకి గుడ్డ కట్టిన పిన్ బోర్డు నువ్వే చేసుకుంటావట. సంతోషం పట్టలేక పక్కింటివాళ్లకి కూడా చెప్పేశాను. ముప్పై అయిదేళ్లు సోఫాలు కుట్టాను, మా ఇంట్లో ఒక్కడూ సుత్తి పట్టలేదు, చివరికి మేనకోడలు పట్టిందని. ఇంతలో మీ అమ్మ మెల్లగా ఇంకో మాట అంది. బోర్డు మీదికి అమ్మమ్మ పట్టుచీర కోస్తావట. ఇక రాత్రంతా నిద్ర లేదు.

నీకు తెలుగు చదవడం నిదానమని తెలుసు. ఒరియా బడిలో చదివావు, తప్పు నీది కాదు. అయినా గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి పిల్లవి, కూడబలుక్కునైనా నువ్వే చదువు. మీ అమ్మ చేత చదివిస్తే నేను తిట్టిన చోట్లు దాటేస్తుంది.

పని పెద్దదేం కాదు. పన్నెండు ఎం.ఎం. సాఫ్ట్ బోర్డు, అదే పిన్ను సులువుగా దిగే మెత్తటి బోర్డు, నాలుగడుగులు బై రెండడుగులు కోయించు. ఎనిమిది బై నాలుగు షీటు కొంటే అలాంటివి నాలుగొస్తాయి, మిగతావి ఎవరికైనా ఇవ్వు. సాఫ్ట్ బోర్డులో స్టేపుల్ గన్‌తో కొట్టే పిన్ను నిలవదు, అందుకని వెనకాల ఆరు ఎం.ఎం. ప్లైవుడ్ అంటించి రాత్రంతా బరువు పెట్టు. గుడ్డ చుట్టూ మూడేసి అంగుళాలు ఎక్కువుండాలి, ఒకటిన్నర మీటరు తీసుకో. ముందే తడిపి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. థర్మోకోల్ చవక కదా అని దాని మీదికి వెళ్లకు, రబ్బరు జిగురు తగిలితే కరిగి గుంటలు పడుతుంది.

జిగురు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇది మీ అత్తకి కూడా చెప్పలేదు.

షాపు పెట్టిన కొత్తలో ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. సంచిలోంచి చీర తీశారు. బరంపురం పట్టే, ఆకుపచ్చ, కుంభం అంచు. ఆయన భార్య పోయి ఏడాదైంది. పిల్లల ఉత్తరాలు, మనవల ఫోటోలు గుచ్చుకోవడానికి బోర్డు కావాలి, దాని మీద ఈ చీర ఉండాలి అన్నారు. వద్దండీ అని చెప్పాల్సింది. చెప్పలేదు. చేతిలో పని లేదు, పైగా ఆయనింటికి వచ్చేపోయేవాళ్లంతా నా పనితనం చూస్తారని ఆశ. పట్టు జారుతుంది కదా, ముడత పడకూడదని బోర్డంతా జిగురు పూసి, దాని మీద చీర పరిచి, గిన్నె అడుగుతో రుద్దాను. అద్దంలా వచ్చింది. మాస్టారు చేత్తో తడిమి చూసుకుని, అడిగినదాని మీద పది రూపాయలు ఎక్కువిచ్చారు.

రెండో వానాకాలంలో బోర్డు రిక్షాలో వేసుకుని మళ్లీ వచ్చారు. పిన్ను గుచ్చిన ప్రతిచోటా కన్నం. వదులుగా నేసిన ముతక నూలు గుడ్డలో పిన్ను పోగుల సందున దూరుతుంది, తీసి వేలితో రుద్దితే పోగులు మళ్లీ దగ్గరికొస్తాయి. పట్టులో పోగులు సన్నం, నేత దగ్గర. అక్కడ పోగే తెగుతుంది, ఆ కన్నం ఇక మూసుకోదు. ఏళ్ల తరబడి పెట్టెలో మడతమీద ఉన్న చీర కావడంతో మడత గీతల వెంట చీలింది. గుండు పిన్నుల చుట్టూ తుప్పు మరకలు. ఆయన ఒక్క మాట అనలేదు. "దీన్ని మళ్లీ విప్పి ఇవ్వగలవా బాబూ, మడతపెట్టి దాచుకుంటాను" అన్నారు. కత్తితో ఓ మూల లేపి చూశాను. చేతికి పీచు వచ్చింది. డబ్బు తిరిగివ్వబోతే తీసుకోలేదు. ఆ తర్వాత ఆయన వీధిలోంచి పోవాల్సొస్తే చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

అందుకే చెబుతున్నా, గుడ్డకి జిగురు చుక్క కూడా తగలకూడదు. వెనకాల స్టేపుల్ గన్‌తో కొట్టు. ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కొక్కటి, తర్వాత ఎదురెదురుగా లాగుతూ మూలలవైపు వెళ్లు, మూలలు చివర్న. పడుగు పోగు, అంటే గుడ్డ పొడవునా పోయే పోగు, బోర్డు అంచుకి సమానంగా ఉందో లేదో ప్రతి నాలుగు పిన్నులకీ తిప్పి చూసుకో. రేపు నచ్చకపోతే స్క్రూడ్రైవర్‌తో పిన్నులు లేపితే గుడ్డ గుడ్డలా చేతికొస్తుంది.

నాలా మేకులు నోట్లో పెట్టుకుని పని చెయ్యకు. గన్ పిన్నులు గచ్చు మీద రాలతాయి, చంటాడు పాకుతున్నాడని మీ అమ్మ అంది. పని అయ్యాక అయస్కాంతంతో నేలంతా ఊడ్చు. ఊడ్చానని నాకు చెప్పు. నవ్వకు.

గోడకి స్విచ్ బోర్డు పైనా కిందా డ్రిల్లు పెట్టొద్దు, లోపల వైర్లుంటాయి. అద్దె ఇల్లు, ఓనరుని అడుగు. బోర్డు వెనక నాలుగు మూలలా అరంగుళం చెక్కముక్కలు పెట్టి గోడకి ఎడంగా తగిలించు. 2018లో తిత్లీ తుఫాను వెళ్లాక మా గోడలు నెల్లాళ్లు ఆరలేదు, గోడకి ఆనించి ఉన్న ప్రతి వస్తువుకీ బూజు పట్టింది. మీది సముద్రం గాలి, ఇంకా జాగ్రత్త.

గుడ్డకి వెతుక్కోవద్దు. షాపు మూసినప్పుడు మిగిలిన కోట్‌పాడ్ నేత ముక్క నా దగ్గరుంది. మన కొరాపుట్ వాళ్లు ఆల్ చెట్టు వేరుతో రంగు వేస్తారే, ఆ ముదురెరుపు. ముతక నూలు, పిన్నులకి ఓర్చుకుంటుంది. నేరుగా ఎండ పడే గోడకి మాత్రం పెట్టకు. కంప్యూటర్లో మాట్లాడేటప్పుడు నీ వెనకాల కనబడినా బావుంటుంది, పట్టులా మెరిసిపోదు.

అమ్మమ్మ ఆ చీర నీ బారసాల నాడు కట్టింది. నువ్వు దాని మీద పాలు కక్కావు. ఎవర్నీ ఉతకనివ్వకుండా తనే కుంకుడురసంలో ఉతుక్కుంది, వారం రోజులు చెప్పుకుని నవ్వింది. కొంగు దగ్గర చూడు, మరక ఇంకా ఉండాలి.

గురువారం బస్సుకి గుడ్డ తీసుకుని వస్తున్నాను. ఈలోగా ఫోను చేసి చీర భద్రంగా ఉందని చెప్పు. ఒకవేళ కోసేసి ఉంటే అదీ చెప్పు, తిట్టను. ముక్కలు మాత్రం పారెయ్యకు, ఒక్కటి కూడా.

మీ మావయ్య